ఎండాకాలంలో గీసిన గీత

(నగరాల్లోని వాగులు, చిత్తడి నేలల గురించి జరిగిన ఒక సభలో వరదనీటి కాలువల ఇంజినీరు ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరునే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

తెర మీద ఉన్న ఫొటో ఒకసారి చూడండి. ఎండిన గడ్డి, అక్కడక్కడా తుంగ మొదళ్లు, నడుమ కాస్త పల్లం. ఇదేమిటని ఎవరినడిగినా ఖాళీ జాగా అంటారు. ఒకప్పుడు నేనూ అలాగే రాసి కింద సంతకం పెట్టాను. మండు వేసవిలో సర్వేకి వెళ్లాం. చుక్క నీరు లేదు. పల్లాన్ని మట్టితో నింపి చదును చేసుకోవచ్చని నివేదిక ఇచ్చాం. ఇళ్లు లేచాయి. మూడో వానాకాలంలో ఆ ఇళ్లలో నడుము లోతు నీళ్లు నిలిచాయి. ఒక ఇంట్లో పెద్దావిడను మంచంతో సహా ఎత్తి పై అంతస్తుకు తీసుకెళ్లడం నేను కళ్లారా చూశాను. ఆ నీళ్లు కొత్తగా ఎక్కడినుంచో వచ్చినవి కావు. ఏళ్లుగా వచ్చే చోటికే వచ్చాయి. మేమే ఆ చోటుకు వేరే పేరు రాసి పెట్టాం.

అప్పటి నుంచి నా మనసులో ఉన్న మాట ఒక్కటే, అదే ఇవాళ మీ ముందు పెడుతున్నాను. వాగుకైనా, చిత్తడి నేలకైనా హద్దు గీయాల్సింది నీళ్లు బాగా పరుచుకున్న రోజును చూసి. మన పటాల్లో చాలావరకు ఎండాకాలంలో గీసిన గీతలే ఉన్నాయి. నగరం పెరిగేకొద్దీ ఆ గీతను పట్టుకునే స్థలాలు అమ్ముతారు, అనుమతులు ఇస్తారు, రోడ్లు వేస్తారు. తర్వాత వచ్చే కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి.

ముందు ఒక చిన్న లెక్క చెప్తాను. ఒక హెక్టారు నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే లక్ష లీటర్ల నీరు. ఆ నేల మీద చెట్టూ చేమా ఉంటే అందులో పదో వంతు, అంటే సుమారు 10 వేల లీటర్లు మాత్రమే పైపైన పారి వాగు చేరుతుంది. సగం దాకా నేలలోకి ఇంకుతుంది, మిగిలింది ఆకుల మీదుగా, మట్టి మీదుగా మళ్లీ గాలిలో కలుస్తుంది. అదే హెక్టారును కప్పులతో, రోడ్లతో, పార్కింగులతో నింపేస్తే పారే నీరు 55 వేల లీటర్ల దాకా పోతుంది. ఇంకేది 15 వేలకు పడిపోతుంది. ఇవి అన్ని నేలలకూ ఒకేలా ఉండవు. బంకమట్టి వేరు, ఇసుక నేల వేరు. కానీ మార్పు ఏ దిక్కుగా, ఎంత పెద్దగా ఉంటుందో తెలియడానికి ఈ లెక్క చాలు. వాన పెరగలేదు. అదే వాన. వాగుకు చేరే నీరు మాత్రం ఐదు రెట్లు దాటింది.

అంతకన్నా ముఖ్యమైనది వేగం. గడ్డిలో, గుంటల్లో, చెట్ల వేళ్ల మధ్య ఆగుతూ ఆగుతూ రావాల్సిన నీళ్లు నున్నటి పైపుల్లో జారుకుంటూ అన్ని వీధుల నుంచీ ఒకే గంటలో వాగు మీద పడతాయి. వాగు తన గట్లను తానే కోసుకుంటుంది, అడుగున మట్టి తోడుకుపోయి లోతవుతుంది. అడుగు రాళ్ల సందుల్లో బతికే పురుగులు, గుడ్లు పెట్టే చేపలు కొట్టుకుపోతాయి. వాన వెలిసిన రెండు రోజులకు చూస్తే అదే వాగులో పాదం తడవదు. ఎందుకంటే వేసవిలో వాగును నడిపించేది వానలో ఇంకిన నీరే. అది మట్టిలో మెల్లగా కదిలి నెలల తర్వాత ఊటగా బయటికొస్తుంది. ఇంకనివ్వకపోతే ఊట లేదు. ముంచెత్తే వాగూ, ఎండిపోయే వాగూ అని మనం రెండు సమస్యలుగా, రెండు ఫైళ్లుగా నడుపుతుంటాం. కారణం ఒక్కటే. వేర్వేరు దేశాల్లో నగరపు వాగులన్నీ దాదాపు ఒకే రకంగా దెబ్బతినడం చూసిన శాస్త్రవేత్తలు 2005 నాటికి దీనికి ఒక పేరు కూడా పెట్టుకున్నారు, అర్బన్ స్ట్రీమ్ సిండ్రోమ్, అంటే నగరపు వాగుల జబ్బు అని. జబ్బు లక్షణాల జాబితాలాగే ఉంటుంది అది.

మేం ఇంజినీర్లం దీనికి చాలాకాలం ఒకే మందు ఇచ్చాం: వాగును తిన్నగా చేయడం, కాంక్రీటు పోయడం, వీలైతే పైన స్లాబు వేసి రోడ్డు చేయడం. ఎగువన ఉన్నవాళ్లు సంతోషించారు. నీళ్లు త్వరగా వెళ్లిపోయాయి. ఎక్కడికి వెళ్లాయి? దిగువన ఉన్నవాళ్ల మీదికి, ఇంకా ఎక్కువ వేగంతో. కాంక్రీటు కాలువ వరదను తగ్గించదు, చిరునామా మారుస్తుంది. పైగా స్లాబు కింద ఏముందో ఎవరికీ కనబడదు కాబట్టి పూడిక తీయరు. నీళ్లు రోడ్డు మీదికి తన్నుకొచ్చిన రోజునే కింద వాగు ఉందని ఊరికి గుర్తొస్తుంది.

అన్నిటికన్నా ముందు పోయేవి చిన్నవి. పేరు లేని పాయలు, ఏడాదిలో మూడు నెలలే పారేవి, వానాకాలంలో మాత్రమే బురదగా ఉండే పల్లాలు. ఏ నదీ వ్యవస్థ తీసుకున్నా, మొత్తం పొడవులో ఎక్కువ భాగం ఈ చిన్న పాయలదే. చేతికి రక్తం అందించేది పెద్ద ధమనే అయినా, వేలి కొసకు చేరేది సన్నటి నాళాల్లోనే కదా. పెద్ద నదికి పేరుంది, చరిత్ర ఉంది, దాని కోసం ఉద్యమం చేసేవాళ్లుంటారు. ఈ సన్న పాయ ఒక పాఠశాల గోడ పక్కనుంచి పారుతుంటుంది, దాన్ని పైపులో పెట్టేస్తే ఒక్క రోజు పని. ఎవరూ అడగరు.

చట్టాలు కూడా నీళ్లు కనిపిస్తేనే నమ్ముతున్నాయి. 2023 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు సాకెట్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. అక్కడి ఫెడరల్ స్వచ్ఛ జలాల చట్టం రక్షణ ఇంచుమించు నిలకడగా నీళ్లుండే ప్రవాహాలకు, వాటిని పైకి కనిపించేలా ఎడతెగకుండా ఆనుకున్న చిత్తడి నేలలకు మాత్రమే వర్తిస్తుందని ఆ తీర్పు సారాంశం. కట్టకు అవతల ఉండి, భూమి లోపలి నుంచి వాగుతో కలిసి ఉన్న చిత్తడి నేల ఆ రక్షణలోంచి జారిపోయింది. నాకు న్యాయశాస్త్రం తెలియదు, దాని జోలికి పోను. నీటి సంగతి మాత్రం తెలుసు. నేల కింద ఉన్న బంధం పైన కనిపించే బంధం కంటే తక్కువదేమీ కాదు.

ఇక చిత్తడి నేలల గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే వీటిని జనం తేలిగ్గా వదులుకుంటున్నారు. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సార్ పట్టణంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం చిత్తడి నేలకు ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. సహజమైనదైనా, మనుషులు చేసినదైనా. నీళ్లు ఎప్పుడూ ఉన్నా, కొన్నాళ్లే ఉన్నా. నిలిచినా, పారినా చిత్తడి నేలే. 'కొన్నాళ్లే ఉన్నా' అన్న ఆ రెండు మాటలను నేను ప్రతి సర్వే బృందానికీ చెప్తుంటాను.

అమెరికాలో బోస్టన్ నగరం మీదుగా సముద్రంలో కలిసే చార్లెస్ నది ఉంది. దాని ఎగువన వరదలను ఎలా ఆపాలన్న ప్రశ్న 1960ల చివర్లో వచ్చింది. పరిశీలన చేసింది ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్, అంటే అక్కడి సైన్యంలోని ఇంజినీర్ల విభాగం. ఆనకట్టలు కట్టడంలో వాళ్ల అనుభవం అందరికీ తెలిసిందే. వాళ్లు లెక్కలు వేసి చూస్తే, ఎగువన ఉన్న బురద నేలలు వరదను ముందే పట్టుకుని మెల్లమెల్లగా వదులుతున్నాయని తేలింది. ఆ పనికి కొత్త కట్టడం దండగ, ఉన్న బురదను కాపాడుకుంటే చాలన్నారు. 1974లో అక్కడి చట్టసభ, కాంగ్రెస్, ఒప్పుకుంది. తర్వాతి పదేళ్లలో 17 చోట్ల, మొత్తం 8,100 ఎకరాల చిత్తడి నేలలను కొని గానీ, హక్కులు తీసుకుని గానీ అలాగే ఉంచేశారు. వాటిలో ఏమీ కట్టలేదు. కట్టకుండా ఉంచడమే ఆ ప్రాజెక్టు. నా వృత్తిలో ఉన్నవాళ్లకు ఇది ఎంత పెద్ద మాటో చెప్పలేను. ఏమీ కట్టనందుకు బిల్లు పాసవడం!

రెండో కథ కోల్‌కతా తూర్పు అంచున ఉంది. 1980ల మొదట్లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వంలో ఇంజినీరుగా ఉన్న ధ్రువజ్యోతి ఘోష్, నగరపు మురుగునీరు చివరికి ఏమవుతోందో వెతుక్కుంటూ వెళ్లారు. ఆ నీరు భేరీలు అనే లోతు తక్కువ చేపల చెరువుల్లోకి వెళ్తోంది. ఎండ తగిలి, నాచు పెరిగి, సూక్ష్మజీవులు మలినాన్ని విడగొడుతున్నాయి. ఆ నాచును, దానితో పెరిగిన సన్నటి జీవులను చేపలు తింటున్నాయి. అక్కడినుంచి వదిలిన నీరు వరి పొలాలకు పోతోంది. ఇదంతా నడిపిస్తున్నది అక్కడి మత్స్యకారులు, రైతులు. తరాలుగా వచ్చిన చేతిపనితోనే. ఎప్పుడు ఎంత మురుగు వదలాలో నీటి రంగును, వాసనను బట్టి చెప్పగలరు. నగరం తూర్పుకు పెరగాలని చూసినప్పుడు ఆ నేలను కాపాడటానికి ఘోష్ చేసిన పనే ఆధారమైంది. 1992లో కలకత్తా హైకోర్టు ఆ నేలను పూడ్చడానికి అడ్డుకట్ట వేసింది. 2002లో ఆ 12,500 హెక్టార్లు రామ్‌సార్ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడి నేలల జాబితాలోకి చేరాయి. ఇప్పటికీ అంచులు కొరుకుతూనే ఉన్నారు, అది వేరే పోరాటం. ఈ కథలో నన్ను కదిలించేది ఏమిటంటే, ఆయన అక్కడికి వెళ్లి ఏదో నేర్పలేదు. నేర్చుకుని వచ్చి, నగరానికి అర్థమయ్యే భాషలో రాశారు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. బురద అన్నీ మింగేస్తుందని మురుగంతా అందులోకి తిప్పేసే వాళ్లున్నారు. గాలి అందని బురదలో ఉండే బాక్టీరియా నైట్రేట్‌ను విడగొట్టి నైట్రోజన్ వాయువుగా పైకి పంపేస్తాయి, నిజమే. ఫ్యాక్టరీల నుంచి వచ్చే సీసం, క్రోమియంలను మాత్రం ఏ జీవీ విడగొట్టలేదు. అవి బురదలోనే పేరుకుంటాయి, చేపలోకి వస్తాయి. రోడ్డు నుంచి వచ్చేదీ తక్కువది కాదు. అమెరికాలో సియాటిల్ ప్రాంతపు వాగుల్లో కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే చచ్చిపోతుంటే కారణం కోసం ఏళ్ల తరబడి వెతికారు. టైర్ల రబ్బరు పగలకుండా కలిపే ఒక రసాయనం ఓజోన్‌తో కలిసి విషంగా మారి, వాననీటితో వాగులో పడుతోందని 2020 డిసెంబరులో తేల్చారు. ఫ్యాక్టరీ లేదు, మురుగు లేదు, రోడ్డు మాత్రమే ఉంది. అందుకే రోడ్డు నీళ్లు నేరుగా వాగులో దిగకుండా ముందు ఏదో ఒక మట్టి పొరలోంచి, మొక్కల వేళ్లలోంచి ఇంకి రావాలంటాం.

ఇప్పుడు మీలో చాలామంది ఎదురుచూస్తున్న ఫొటోకి వద్దాం. సియోల్‌లోని చియోంగ్యేచియోన్. 1958 నుంచి ఆ వాగును కప్పేస్తూ వచ్చారు, దాని మీద ఎత్తైన ఫ్లైఓవర్ కట్టారు. 2003లో ఆ ఫ్లైఓవర్‌ను కూల్చడం మొదలుపెట్టి 2005 నాటికి 5.8 కిలోమీటర్ల మేర వాగును బయటికి తీశారు. ట్రాఫిక్ స్తంభించిపోతుందని భయపడ్డారు, అలా జరగలేదు. అంత పెద్ద రోడ్డును తీసేసి నీటికి చోటిచ్చిన ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ ఇవాళ అందులో పారుతున్న నీరు చాలావరకు హాన్ నది నుంచి మోటార్లతో తెచ్చి పోస్తున్నది. రోజుకు లక్షా ఇరవై వేల టన్నులు. ఎగువ నేల ఇంకించుకోవడం మానేసింది కాబట్టి వాగుకు సొంత నీరు లేదు. ఎక్కడ వాగును బాగుచేద్దామన్నా ఈ ఫొటోనే ముందు పెడతారు. రాతి అంచులు, దీపాలు, నడకదారి. అంచు అందంగా ఉంటే వాగు బతికినట్టు కాదండీ. దాని పరీవాహక ప్రాంతం, అంటే వాననీరు పారి ఆ వాగులో చేరే నేలంతా, ఇంకించుకుంటోందా లేదా అన్నది చూడాలి.

నాకు జ్యూరిక్ పద్ధతి ఎక్కువ నచ్చుతుంది. దాని ఫొటోలు అంత బాగుండవు. అక్కడ కొండల మీది నుంచి వచ్చే శుభ్రమైన వాగులను ఎప్పుడో పైపుల్లో పెట్టి మురుగు కాలువలో కలిపేశారు. దాంతో మురుగు శుద్ధి కేంద్రం మంచినీళ్లను కూడా శుద్ధి చేస్తూ కూర్చుంది! ఖర్చు దండగ, పలచబడిన మురుగును శుద్ధి చేయడం కష్టం. 1988లో వాగుల ప్రణాళిక ఒకటి పెట్టుకుని ఒక్కొక్క పాయనూ పైకి తీస్తూ వచ్చారు. ఇళ్ల మధ్య, వీధి పక్కన, కొన్నిచోట్ల ఒక మీటరు వెడల్పే. పెద్ద ప్రారంభోత్సవం ఏదీ అక్కర్లేదు, ఏటా కొంత. సింగపూర్‌లో కల్లాంగ్ నది మీద ఇంకో రకం పని జరిగింది. బిషాన్ పార్కు అంచున 2.7 కిలోమీటర్ల తిన్నని కాంక్రీటు కాలువ ఉండేది. దాన్ని పగలగొట్టి పార్కు లోపలికి తిప్పి, వంపులతో 3.2 కిలోమీటర్ల నదిగా 2012లో తెరిచారు. గట్లను మొక్కల వేళ్లతో, రాళ్లతో పట్టి ఉంచారు. పెద్ద వాన వస్తే నది పార్కులోకి పరుచుకుంటుంది, ముందే సైరన్ మోగుతుంది, జనం పైకి వెళ్లిపోతారు. మిగతా రోజుల్లో పిల్లలు అక్కడే ఆడుకుంటారు. వానరోజు గీసిన గీత అంటే నా ఉద్దేశం అదే. ఆ గీత లోపల మనుషులు అడుగు పెట్టకూడదని కాదు. నీళ్లు వస్తే ఖాళీ చేసి వెళ్లగలిగే పనులు చేసుకోవచ్చు. పడుకునే గది, ఆసుపత్రి, కరెంటు సబ్‌స్టేషన్ అక్కడ ఉండకూడదు.

పని ఎవరు చేయాలన్నది కష్టమైన ప్రశ్న. వాగు మూడు మున్సిపాలిటీల్లోంచి పారుతుంది. ఎగువవాడు పూడిస్తే దిగువవాడు మునుగుతాడు, ఓట్లు వేర్వేరు. జర్మనీలోని రూర్ ప్రాంతంలో ఎంషర్ అనే చిన్న నది ఉంది. బొగ్గు గనుల వల్ల నేల కుంగుతుండేది, భూమిలో పైపులు వేస్తే పగిలిపోయేవి. అందుకని నదినే తిన్నగా చేసి, అడుగున కాంక్రీటు పలకలు పరిచి బయటి మురుగు కాలువగా మార్చారు. దాన్ని నడపడానికి 1899లోనే నగరాలు, గనులు, ఫ్యాక్టరీలు కలిసి నది మొత్తానికి ఒక సంఘం పెట్టుకున్నాయి. గనుల తవ్వకం తమ ప్రాంతం దాటి వెళ్లిపోయాక, 1992 నుంచి అదే సంఘం తాను చేసినదాన్ని తానే విప్పడం మొదలుపెట్టింది. లోతుగా 51 కిలోమీటర్ల కొత్త మురుగు సొరంగం తవ్వింది. 2021 చివరికి నదిలోకి మురుగు రావడం ఆగిపోయింది. ముప్పై ఏళ్లు పట్టింది, 500 కోట్ల యూరోలు దాటింది. నదిని పాడుచేయడానికి ఏర్పడిన సంఘమే బాగుచేయగలిగిందంటే, దాని అధికారం మున్సిపాలిటీ హద్దు దగ్గర ఆగిపోకపోవడం వల్లే.

ఇక్కడ మనసుకు కష్టమైన మాట ఒకటి చెప్పాలి. గీతను వానరోజుకు మారుస్తామనగానే మొదటి బుల్డోజరు వెళ్లేది గట్టు మీద రేకుల ఇంటికి. వాళ్లకు ఇంకెక్కడా చోటు దొరక్క అక్కడ ఉన్నారు. వాళ్ల గుడిసె వల్ల వాగు ఇరుకైంది, నిజమే. కానీ అదే వాగు పరీవాహకంలో ఎకరాల కొద్దీ నేలను కాంక్రీటు చేసిన కట్టడం వాగుకు దూరంగా, అనుమతులతో, అందంగా నిలబడి ఉంటుంది. ఇరుకైన చోట పొంగే నీటిలో పెద్ద వాటా అక్కడిది. పునరావాసం చూపించకుండా గట్టు మీదివాళ్లను తీసేయడాన్ని నేను వాగు రక్షణ అనను. ముందు ఎగువన పెద్ద కట్టడాలవాళ్లను తమ కప్పుల మీద పడే నీటిని తమ ఆవరణలోనే నిలిపి ఇంకించమనండి. ఆ పని ఎవరి ఇల్లూ కూల్చకుండా రేపే మొదలుపెట్టొచ్చు.

ప్రశ్నలకు సమయం ఇచ్చారు. అడగండి.

(ఒక మహిళ: చిత్తడి నేలను అలాగే ఉంచితే దోమలు పెరగవా? మా వీధివాళ్లు పూడ్చమని అడుగుతున్నది అందుకేనండీ.)

మీ వీధివాళ్ల బాధ నిజమైనదేనమ్మా, కొట్టిపారేయను. ఆ నేలలోకి మురుగు వస్తోందా అన్నది ముందు చూడండి. మురికి నిలిచిన నీటిలో క్యూలెక్స్ దోమ విపరీతంగా పెరుగుతుంది, ఎందుకంటే దాని పిల్లలను తినే చేపలు, తూనీగ పిల్లలు ఆ నీటిలో బతకలేవు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకైతే చిత్తడి నేల అక్కర్లేదు. ఇంటి దగ్గర పాత టైరు, మూత లేని డ్రమ్ము చాలు. మురుగు ఆపితే తూనీగలు తిరిగి వస్తాయి. పూడిస్తే మాత్రం ఆ నీరు మీ వీధిలోనే గుంటలుగా నిలుస్తుంది.

(ఒక యువకుడు: మా వాగులోకి మురుగు ఎక్కడినుంచి వస్తోందో ఎలా కనిపెట్టాలి సార్? కాలువలన్నీ భూమిలోనే ఉన్నాయి.)

మంచి ప్రశ్న. ఎండరోజు పనికొచ్చేది ఇక్కడే. వాన పడి మూడు రోజులు గడిచాక వాగు గట్టున దిగువ నుంచి ఎగువకు నడవండి. గట్టులోంచి బయటికొచ్చే ప్రతి వాననీటి పైపునూ చూడండి. వాన లేకపోయినా నీళ్లు కారుతున్నాయంటే అది ఊట అయినా అయి ఉండాలి, పగిలిన మంచినీటి పైపైనా కావాలి, లేదంటే మురుగు. నురగ, వాసన, బూడిద రంగు బురద ఉంటే అనుమానం అక్కర్లేదు. ఆ పైపును గుర్తుపెట్టుకుని సిబ్బందిని వెంటబెట్టుకుని వెళ్లండి, మ్యాన్‌హోల్‌లోకి మీరు మాత్రం దిగొద్దు, విషవాయువు ఉంటుంది. వాళ్లు ఒక్కొక్క మూతా తెరుచుకుంటూ ఎగువకు వస్తారు. రెండు పాయలు కలిసే చోట ఏది పొడిగా ఉందో, ఏది తడిగా ఉందో చూస్తారు. పొడిది వదిలేస్తారు. అలా నాలుగైదు మూతలకు సందు దాకా వచ్చేస్తాం. అప్పుడు ఆ సందులో ఇంటివాళ్ల అనుమతితో ఒక్కో ఇంటి మరుగుదొడ్డిలో హాని చేయని రంగు కలిపి నీళ్లు పోస్తారు. ఒకళ్లు పైన, ఒకళ్లు వాగు దగ్గర ఫోనులో మాట్లాడుకుంటూ ఉంటారు. వాగు దగ్గర పచ్చరంగు కనిపించిందా, ఆ ఇంటి పైపు తప్పు కాలువలో కలిసింది. చాలాసార్లు ఇంటివాళ్లకే తెలియదు పాపం, మేస్త్రీ దగ్గరగా ఉన్న పైపుకు కలిపేసి వెళ్లిపోయి ఉంటాడు. సరిచేయడం ఒక్క పూట పని. మీ వాగు ఎటువైపుందో సభ అయ్యాక పటంలో చూపించండి, ఏ పైపు దగ్గర మొదలుపెట్టాలో చూద్దాం.